బయోగ్యాస్‌లో హెచ్‌టూఎస్: ఐరన్ పెల్లెట్లా, చిలేటెడ్ ఐరనా, ఏది మేలు?

కనిగిరి వైపు దివాకరపల్లిలో రిలయన్స్ సీబీజీ (కంప్రెస్డ్ బయోగ్యాస్) ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల వాళ్ళు అడిగేది ఒకటే: "అన్నా, మేమూ పేడ, నేపియర్ గడ్డితో ప్లాంటు పెడదామనుకుంటున్నాం, హెచ్‌టూఎస్ తీయడానికి పెల్లెట్లు వేసుకోమంటారా, లిక్విడ్ పెట్టమంటారా?" హెచ్‌టూఎస్ అంటే బయోగ్యాస్‌లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. పెల్లెట్లంటే ఐరన్ ఆక్సైడ్ ఉండలు, లిక్విడ్ అంటే చిలేటెడ్ ఐరన్ కరిగిన నీళ్ళు. ఆ వాయువు వాసన, దానివల్ల ఇంజన్లు తుప్పు పట్టడం మీకు తెలిసినవే, నేరుగా విషయానికొస్తా.

కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని అందరూ చూసేది ధర, ఎంత శాతం తీస్తుందనేది. సరిగ్గా నడిపితే రెండూ గ్యాసును బాగానే శుభ్రం చేస్తాయి. నా లెక్కలో తేల్చేది ఇంకోటి: గాలి ఎక్కడ కలుస్తోంది? ఈ పద్ధతుల్లో హెచ్‌టూఎస్‌ను సల్ఫర్‌గా మార్చేది చివరికి ఆక్సిజనే. ఇనుము మధ్యవర్తి, హెచ్‌టూఎస్ దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని ఆనక ఆక్సిజన్‌కు ఇచ్చేసి మళ్ళీ మొదటి రూపానికి వస్తుంది. ఆ రెండో పని ఎక్కడ జరుగుతుందనే దాన్నిబట్టే మీ ఖర్చు, మీ కూలీల క్షేమం ఉంటాయి.

పెల్లెట్లలో అది గ్యాసు పోయిన ట్యాంకులోనే జరగాలి. తుప్పురంగు ఐరన్ ఆక్సైడ్ నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది (కొత్తపట్నం రొయ్యల చెరువుల్లో అడుగుమట్టి నల్లబడేదీ ఐరన్ సల్ఫైడ్ వల్లే). దానికి గాలి తగిలితే మళ్ళీ ఆక్సైడ్, సల్ఫర్ వస్తాయి, కానీ బాగా వేడి పుడుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఒక్కసారిగా మూత తీస్తే అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది, కాబట్టి బాగా తడిపి, గాలి కొంచెం కొంచెంగా పంపాలి. పైగా ప్రతిసారీ పుట్టిన సల్ఫర్ పెల్లెట్ రంధ్రాల్లోనే ఉండిపోతుంది, కొన్నాళ్ళకు పారేయక తప్పదు.

రోజుకు 1000 ఘనపు మీటర్ల గ్యాసు, అందులో 3000 పీపీఎం (అంటే 0.3 శాతం) హెచ్‌టూఎస్ అనుకోండి. రోజుకు దాదాపు 4 కిలోల సల్ఫర్ బయటికి రావాలి. తిరిగి వాడకపోతే స్వచ్ఛమైన ఐరన్ ఆక్సైడే రోజుకు ఆరేడు కిలోలు కావాలి, పెల్లెట్‌లో అంతా ఆక్సైడే ఉండదు కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది.

చిలేటెడ్ ఐరన్‌లో ట్యాంకులు రెండు. ఒకదాంట్లో ఈడీటీఏ లాంటి రసాయనం ఇనుమును నీళ్ళలో కరిగించి పట్టుకుంటుంది, గ్యాసు అందులోంచి పోతుంది. ఆ నీళ్ళను పంపుతో రెండోదానికి పంపి అక్కడ గాలి బుడగలు కొట్టిస్తాం. గాలి మీ గ్యాసులో కలవదు, వేడి నీళ్ళలోకి పోతుంది, సల్ఫర్ ముద్దగా కిందికి దిగుతుంది. సీబీజీ అమ్మేవాళ్ళకు ఇది చాలా పెద్ద విషయం. బయోగ్యాస్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 16087 ప్రకారం మీథేన్ 90 శాతానికి తగ్గకూడదు, హెచ్‌టూఎస్‌తో కలిపి మొత్తం సల్ఫర్ ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. గాలితోపాటు నైట్రోజన్ ఒకసారి లోపలికొస్తే, కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్ళతో కడిగేసే వాటర్ స్క్రబ్బర్ దాన్ని తీయలేదు.

దీనికీ చాకిరీ ఉంది. గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను కిందికి లాగుతుంది, 8–9 మధ్య ఉండేలా క్షారం కలుపుతూ ఉండాలి. ఈడీటీఏ మెల్లగా విరిగిపోతుంది, మళ్ళీ పోయాలి. సల్ఫర్ పైపుల్లో పేరుకుంటుంది. కరెంటు పోతే పంపూ బ్లోయరూ ఆగిపోతాయి, అందుకని జనరేటర్ ఖర్చు ముందే వేసుకోండి.

డైజెస్టర్‌లోకే, అంటే పేడ పులిసే ట్యాంకులోకే, కొంచెం గాలి వదిలి బ్యాక్టీరియాతో చేయించడం చౌక, ఇంజనుకో వంటకో వాడే గ్యాసుకు సరిపోతుంది, సీబీజీకి వద్దు. యాక్టివేటెడ్ కార్బన్ చివర్లో మిగిలింది తుడవడానికే. క్లాస్ పద్ధతి (హెచ్‌టూఎస్‌లో కొంత కాల్చి సల్ఫర్ తీసేది) రిఫైనరీలది. ఒక శాతం కూడా హెచ్‌టూఎస్ లేని మన గ్యాసుకు అది నేరుగా పనికిరాదు.

ఇరవై ముప్ఫై గేదెల డైరీ అయితే పెల్లెట్లే వేసుకోండి, తిరిగి వాడాలని చూడకుండా తడిపి తీసి మార్చేయండి. గ్యాసు అమ్మాలనుకుంటే మాత్రం, మొదట్లో ఖర్చు ఎక్కువైనా, నేను చిలేటెడ్ ఐరన్ వైపే. ఏది పెట్టినా ట్యాంకు తెరిచే చోట హెచ్‌టూఎస్ డిటెక్టర్ పెట్టించండి, ఎందుకంటే 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది, అప్పటికే అది ప్రాణానికి ముప్పు తెచ్చే మోతాదు.