నెల వాయిదా మీద బేరమా, మొత్తం ధర మీదా?

"నెలకు ఎంత కట్టగలరు?" అని సేల్స్‌మన్ అడిగితే అంకె చెప్పకండి. వాయిదా తగ్గించడానికి కారు ధర తగ్గించక్కర్లేదు, అప్పు తీర్చే గడువు పెంచితే చాలు. ఏడాదికి 9% వడ్డీకి 60 నెలల్లో అసలు మీద దాదాపు 25% వడ్డీ పడుతుంది. 84 నెలలైతే 35%. వాయిదా మాత్రం ఐదో వంతుకు పైగా తగ్గి చవకగా కనిపిస్తుంది.

మొత్తం ధర మీద బేరమాడితే ఆ దారి మూసుకుపోతుంది. ఓపిక మాత్రం కావాలి. ఒకే వేరియంట్‌కు ముగ్గురు డీలర్ల దగ్గర కారు ధర, పన్ను, రిజిస్ట్రేషన్, బీమా, యాక్సెసరీలు విడివిడిగా రాయించుకోండి. పన్ను రేటు, రిజిస్ట్రేషన్ రుసుము డీలర్ చేతిలో ఉండవు. కారు ధర, యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ ఛార్జీలు (కారు తెచ్చి అప్పగించినందుకు డీలర్ వేసేవి) ఉంటాయి, గట్టిగా అడగాల్సింది అక్కడే. పాత కారు మార్పిడిని ఇందులో కలపనివ్వకండి, అక్కడ ఇచ్చినట్టే ఇచ్చి ఇక్కడ లాగేస్తారు. అప్పు మాట ధర ఖాయమయ్యాకే.