350 రూపాయల ప్రోబులు: ఆరు నెలల వాడకం తర్వాత

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో మల్టీమీటర్ ప్రోబుల జత కొన్నాను. అంటే కరెంటు కొలిచే మీటరుకు తగిలించే, చివర మొనలున్న రెండు తీగలు. నేను వరంగల్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాను. వెనుకటి జత 80 రూపాయలది. తీగ పిడిలోకి పోయే మెడ దగ్గర లోపల్లోపలే తెగి, బాగున్న ఫ్యూజును కూడా పోయినట్టు చూపించింది. దాన్ని నమ్మి ఒక కస్టమర్ కారు డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాను. ఆ బాధ ఇంకా పోలేదు.

ఈ జతకు సిలికాన్ తీగ. బానెట్ కింద వేడికి గట్టిపడలేదు, చలికాలం పొద్దున కూడా మెత్తగానే ఉంది. మొన సూదిలా ఉండటంతో కనెక్టర్ వెనుక రబ్బరు సీలు చిరగకుండా లోపలికి పోతుంది. మొనలు రెండూ తాకిస్తే 0.2 ఓమ్, అంటే తీగలో కరెంటుకు అడ్డు దాదాపు లేనట్టే. ఇంజన్ ఆపినప్పుడు బ్యాటరీ 12.6, స్టార్ట్ చేస్తే 14.2 వోల్టులు, అంకె ఊగకుండా నిలబడుతుంది. మొన టోపీలు మాత్రం వదులు, ఒకటి రెండో వారమే పోయింది.

మా బిడ్డ వీటిని చూసి, "బాపూ, చంద్రుడి మీదికి పోయింది కూడా ప్రోబే కదా?" అంది. నిజమే. 2008 నవంబర్ 14న చంద్రయాన్-1 నుంచి వదిలింది మూన్ ఇంపాక్ట్ ప్రోబ్. 2023లో విక్రమ్ ల్యాండర్ 10 సెన్సార్లున్న చాస్తే ప్రోబును అక్కడి మట్టిలోకి దించి వేడి కొలిచింది. ఫోర్డ్ వాళ్లు ప్రోబ్ పేరుతో ఒక కారే అమ్మారు. నాకు మాత్రం చాస్తే సంగతే నచ్చింది. మొన దించి లోపల ఏముందో చూడటం, మేము రోజూ చేసేదీ అదే.

కొనేముందు మీటరును బీప్ మీద పెట్టి, మొనలు రెండూ తాకించి, తీగను మెడ దగ్గర వంచి, బీప్ ఆగకుండా వస్తుందో లేదో షాపులోనే చూసుకోండి.