ఫ్రీక్యాడ్ టెక్‌డ్రా: ఒక్క ఫిట్ బటన్ కోసం వాడుతున్నవాడి మాట

ఫ్రీక్యాడ్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ ఎట్లా గీయాలి, అందులో డ్రాయింగు షీట్లు తీసే టెక్‌డ్రా భాగంలోకి వ్యూలు ఎట్లా తెచ్చుకోవాలి అన్నది ఇక్కడ చెప్పను, వాటికి వీడియోలు కోకొల్లలు. నాది మడికొండ వైపు చిన్న లేత్ షాపు. రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లుల స్పేర్లు చేస్తాం: షాఫ్టులు, బుష్‌లు, పుల్లీలు, ఫ్లాంజ్ కప్లింగులు. 0.19 వెర్షన్ రోజుల నుంచి డ్రాయింగులన్నీ ఇందులోనే తీస్తున్నాను. మధ్యలో విసుగొచ్చి వదిలేద్దామనుకున్న సందర్భాలు ఉన్నాయి. వదలకుండా పట్టి ఉంచింది మాత్రం ఒకే ఒక్క బటన్, కొలతకు హోల్-షాఫ్ట్ ఫిట్ (రంధ్రంలో షాఫ్టు ఎంత బిగుతుగా, ఎంత వదులుగా కూర్చోవాలో చెప్పే కోడు) తగిలించేది. మొదట్లో అది లేదు, తర్వాతి వెర్షన్లలో వచ్చింది.

అది చేసే పని చాలా చిన్నది. డ్రాయింగులో ఒక వ్యాసం కొలతను ఎంచుకుని బటన్ నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. షాఫ్టా, హోలా అని అడుగుతుంది. లిస్టులోంచి ఫిట్ ఎంచుకుని ఓకే అంటే, 35 మిల్లీమీటర్ల కొలత పక్కన కె6 అన్న ఫిట్ కోడు, ఆ పక్కనే 35 మీద ఎంత ఎక్కువ ఉండొచ్చో చెప్పే పై, కింది హద్దులు ప్లస్ 0.018, ప్లస్ 0.002 వచ్చి కూర్చుంటాయి.

ఈమాత్రం దానికి సాఫ్ట్‌వేర్ ఎందుకు, ఫిట్ల పట్టిక చూసి చేత్తో రాసుకోవచ్చు కదా అంటారు. రాసుకోవచ్చు. ఐటీఐ చదివినవాళ్లందరూ ఆ పట్టిక చూసినవాళ్లే. కానీ మన వైపు షాపుల్లో ఎవరైనా రాస్తున్నారా? డ్రాయింగంటూ ఉంటే దాని మీద కనబడేది "టైట్ ఫిట్" అనో, "బేరింగ్ సైజు" అనో. ఆ టైట్ ఎంతో టర్నర్ చేతికి తెలియాలి. సగం జాబులకైతే డ్రాయింగే ఉండదు. అరిగిపోయిన ముక్క తెచ్చి బల్ల మీద పడేసి "గిట్లనే కావాలె" అని పోతారు. అసలు తంటా అక్కడే మొదలవుతుంది.

జమ్మికుంట వైపు ఒక రైస్ మిల్లు. ఊక లాగే బ్లోయర్ షాఫ్టు పదే పదే పోతోంది. బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద తిరిగి తిరిగి ఆ చోటంతా నీలం ఎక్కింది. వడ్ల లారీలు బయట వరస కట్టి ఉన్నాయి, సేటు టెన్షన్‌లో ఉన్నాడు. "డూప్లికేట్ బేరింగులు అంటగడుతున్నరు" అని బేరింగులు అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ వచ్చాడు. బేరింగు చేతిలోకి తీసుకుని చూస్తే దానికి ఏమీ కాలేదు. షాఫ్టు కొలిస్తే 34.95 ఉంది. అరిగి ఉంటుందిలే అనుకున్నాను. తీరా అడిగితే తెలిసిందేమంటే, దానికి ముందు పోయిన పాత షాఫ్టును శాంపిల్‌గా ఇచ్చి వేరే షాపులో చేయించారు. ఆ షాపువాళ్లు అరిగిన చోట మైక్రోమీటర్ పెట్టి, వచ్చిన కొలతనే నిజాయితీగా దించేశారు. అంటే కొత్త షాఫ్టు పుట్టడమే అరిగిపోయి పుట్టింది. బేరింగు చేత్తో నెడితే జారి కూర్చుందట. ఫిట్టర్ కూడా "బాగ కూసున్నది" అని సంతోషపడ్డాడట.

నేను షాఫ్టు పక్కన పెట్టి బేరింగు నంబర్ చూశాను. 6207. చివరి 07ని అయిదుతో గుణిస్తే బోరు, అంటే లోపలి రంధ్రం, 35. బయటి వ్యాసం 72, వెడల్పు 17. బేరింగు బోరు సరిగ్గా 35 ఉండదు. మామూలు గ్రేడు బేరింగైతే 35 నుంచి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కిందికి దాకా ఎక్కడైనా ఉండొచ్చు, పైకి మాత్రం పోదు. షాఫ్టు కె6లో ఉంటే 35.002 నుంచి 35.018 మధ్యలో వస్తుంది. రెండూ కలిపి చూడండి. బజారులో ఏ బేరింగు కొన్నా షాఫ్టు దానికన్నా కనీసం 2 మైక్రాన్లు లావు, గరిష్ఠంగా 30. ఎప్పుడూ పట్టే ఉంటుంది, పగలగొట్టేంతగా మాత్రం పట్టదు. తిరిగే షాఫ్టు మీద బేరింగు పట్టి ఉండాలన్న చిన్న నియమం వెనక ఉన్న లెక్క ఇది. దీన్ని "టైట్" అన్న ఒక్క మాటలో ఎట్లా ఇరికిస్తాం?

మోడల్ చేసి, టెక్‌డ్రాలో షీటు తీసి, రెండు బేరింగ్ సీట్లకూ ఆ బటన్‌తో కె6 కొట్టాను. బేరింగు బయటి రింగు కూర్చునే హౌసింగు బోరు 72కి హెచ్7 కొడితే ప్లస్ 0.030, సున్నా వచ్చాయి. ప్రింటు తీసుకెళ్లి మా టర్నర్‌కి ఇచ్చాను. ఆయన నాకన్నా పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"గిదేంది తమ్మీ, ముప్పై ఐదుకు రెండు లెక్కలు రాసినవ్? నేనేది కొట్టాలె?"

"రెండిట్ల నడిమిల ఏదైనా సరే అన్నా."

కాసేపు అట్లాగే చూసి, "అంటే ముప్పై ఐదు దాటాలె, రెండు పాయింట్లు దాటొద్దు" అన్నాడు. మా షాపులో పాయింట్ అంటే మిల్లీమీటర్‌లో నూరో వంతు. ఆ డ్రాయింగు మీద ఉన్నదంతా ఆయన ఒక్క వాక్యంలో పెట్టేశాడు. ఆ తర్వాత ఆ జాబు మీద ఆయన నన్ను ఏమీ అడగలేదు. అంతకుముందైతే ఇట్లాంటి పనికి బేరింగు చేతిలో పట్టుకుని లేత్ దగ్గర నిలబడేవాళ్లం. కొంచెం తియ్యడం, బేరింగు పెట్టి చూడడం, ఇంకొంచెం తియ్యడం. ఒక్కోసారి ఆ ఇంకొంచెం దగ్గరే జాబు పోయేది.

కొంత ఎమెరీతో దించాం. కొలిచే ముందు జాబును చల్లారనిచ్చాం. ఇది డ్రాయింగు మీద నోటుగా కూడా పెట్టాను, ఎందుకంటే 35 మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్టు 20 డిగ్రీలు వేడెక్కితేనే 8 మైక్రాన్లు ఉబ్బుతుంది. మనకున్న చోటే 16 మైక్రాన్లు, అందులో సగం వేడికే పోతుంది. బేరింగును సుత్తీ పైపూ పెట్టి కొట్టకుండా, నూనెలో 90 డిగ్రీల దాకా వేడి చేసి ఎక్కించారు. ఆ సీజనంతా షాఫ్టు కదలలేదు. సేటు ఇప్పుడు శాంపిల్ ముక్కతో పాటు బేరింగు డబ్బా కూడా తెస్తున్నాడు. ఈ బటన్ నాకు తెచ్చిపెట్టిన పెద్ద లాభం అదే అనుకుంటాను.

గ్రైండింగుకు బయటికి పంపే జాబుల్లో కూడా తేడా కనబడింది. మా లేత్ పాతది, 16 మైక్రాన్లు ప్రతిసారీ పట్టుకోలేదు. ముఖ్యమైనవి కొంచెం లావుగా తిప్పి బాలానగర్ పంపిస్తాం. ఇదివరకు అక్కడి నుంచి "ఎంత పెట్టాలి, ఎంత ఉంచాలి" అని ఫోన్లు వచ్చేవి. ప్రింటు మీద లిమిట్లు పెట్టి పంపుతుంటే ఆ ఫోన్లు ఆగాయి.

ఇంత చెప్పాక కొన్ని షరతులు కూడా చెప్పాలి. ఇదే ఊపులో నా మాట విని మారినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

ఆ బటన్ పెట్టే అంకెలు పెట్టినప్పటివే. మోడల్‌లో సైజు మారిస్తే డ్రాయింగులో కొలత దానంతటదే మారుతుంది, పక్కనున్న టాలరెన్స్, అంటే ఆ హద్దుల అంకెలు, మాత్రం మారవు. ఉదాహరణకు 50 బుష్‌కి బయటి వ్యాసం మీద ఎస్6 కొట్టారనుకోండి, ప్లస్ 0.059, ప్లస్ 0.043 వస్తాయి. అదే ఫైలు కాపీ చేసి 60 బుష్ చేస్తే షీటు మీద 60 ఎస్6 అని దర్జాగా ఉంటుంది, పక్కన పాత అంకెలే ఉంటాయి. 60కి ఉండాల్సింది ప్లస్ 0.072, ప్లస్ 0.053. బోరు హెచ్7 అయితే, కనీసం 23 మైక్రాన్లు పట్టాల్సిన బుష్ 13కే ఆగిపోవచ్చు. చూసేవాడికి అనుమానం రాదు, ఎందుకంటే ఎస్6 అన్న అక్షరం కరెక్టే. ఫిట్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 919 పట్టికలో 50 దాటగానే వరస మారుతుందన్న సంగతి గుర్తున్నవాడే పట్టుకోగలడు. కె6 దగ్గర ఈ తేడా 3 మైక్రాన్లే కాబట్టి బేరింగ్ సీట్లలో పెద్దగా బయటపడదు. గట్టిగా నొక్కి ఎక్కించే ప్రెస్ ఫిట్‌లో దెబ్బ తగులుతుంది. నేనైతే పాత ఫైలు తెరిచి సైజు మార్చిన ప్రతిసారీ ఫిట్లన్నీ తీసేసి మళ్లీ కొడతాను. చాకిరీయే, కానీ వేరే దారి దొరకలేదు.

దీనికి తోడు టెక్‌డ్రాకు పాత జబ్బు ఒకటి ఉంది. కొలతలు వ్యూలోని గీతలను వాటి నంబర్లతో గుర్తుపెట్టుకుంటాయి. షాఫ్టుకు కొత్తగా ఒక అండర్‌కట్టో (మూల దగ్గర కోసే సన్న గాడి) కీవేయో (కీ కూర్చునే గాడి) చేరిస్తే ఆ నంబర్లు అటూ ఇటూ అవుతాయి. కొన్ని కొలతలు తెగిపోతాయి, వాటితో బాధ లేదు, కనబడతాయి. కొన్ని పక్క గీతకు అంటుకుంటాయి, అంటుకుంటూ తమ టాలరెన్స్‌ను కూడా వెంట తీసుకుపోతాయి. సీలు కూర్చునే 30 స్టెప్ మీద బేరింగు లిమిట్లు కనబడితే టర్నర్‌కు అయోమయమే. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో మోడల్ వైపు ఈ నంబర్ల గోల చాలావరకు తగ్గించారు. ఆ తేడా పనిలో తెలుస్తోంది. తెగిన కొలతను మళ్లీ సరైన గీతకు కట్టడానికి రిపేర్ టూల్ కూడా ఉంది. అయినా డ్రాయింగు వైపు చూపు పెట్టకుండా ప్రింటు కొట్టే ధైర్యం నాకు ఇంకా రాలేదు. అందుకే మోడల్ పూర్తిగా ఖాయమయ్యాకే కొలతలు పెట్టడం మొదలుపెడతాను. సేటు ఫోన్ చేసి "కీవే ఇంకో పక్క కూడ పెట్టు" అంటే మాత్రం పళ్లు కొరుక్కుంటాను.

ఫిట్ల లిస్టు కూడా చిన్నదే. రోజూ తగిలేవి ఉంటాయి. కీవే వెడల్పుకు పి9 లాంటివి నేను ప్రాపర్టీల్లోకి వెళ్లి చేత్తో ఇస్తాను. 10 కీవేకి మైనస్ 0.015, మైనస్ 0.051. అట్లా ఇచ్చేటప్పుడు దశాంశ స్థానాలు మూడుకు పెట్టుకున్నారా లేదా చూసుకోండి. రెండే ఉంటే షీటు మీద 0.051 కాస్తా 0.05 అయిపోతుంది, 0.015 గతి ఇంకా అన్యాయం.

ఇంకో ఖర్చు సాఫ్ట్‌వేర్‌ది కాదు గానీ దానివల్ల వచ్చిందే. డ్రాయింగు మీద 35.002 అని రాశాక, నూరో వంతు దాకానే చదివే మైక్రోమీటర్‌తో దాన్ని ఎట్లా చూస్తారు? గీతల మధ్య అంచనా కట్టి కొన్నాళ్లు నడిపాం. చివరికి మైక్రాన్ చూపించే డిజిటల్‌ది ఒకటి కొన్నాం. ఫ్రీక్యాడ్ ఫ్రీ అని చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

ఫస్ట్ యాంగిల్, అంటే షీటు మీద వ్యూలను ఏ వరసలో పేర్చాలన్న పద్ధతి, దాని సంగతి ఒక్క ముక్క. మన దగ్గర నడిచేది ఫస్ట్ యాంగిలే, సెట్టింగుల్లో అదే ఉందో లేదో చూసుకుంటే చాలు. విదేశీ మిషను మాన్యువల్ చూసి గీసేవాళ్లు మాత్రం అది థర్డ్ యాంగిల్ కావచ్చని గుర్తుపెట్టుకోవాలి.

మరి తీసుకోవచ్చా అంటే, మీ పనిని బట్టి. నా జాబులు చిన్నవి, గుండ్రటివి. గీసేదీ నేనే, ప్రింటు ఇచ్చేదీ నేనే, అనుమానం వస్తే అన్న నాలుగడుగుల దూరంలో ఉంటాడు. ఈ ఏర్పాటులో ఆ ఒక్క బటన్ కోసం మిగతా బాధలన్నీ భరించొచ్చు. ఎలివేటర్ మొత్తాన్ని అసెంబ్లీ డ్రాయింగుగా తీసి సెక్షన్లు కోయాలంటే మాత్రం నా పాత ల్యాప్‌టాప్ మీద ఒక్కో వ్యూ తేరుకునేసరికి టీ తాగి రావచ్చు. అట్లాంటి పనే ఎక్కువున్నవాళ్లకు నేను చెప్పను. రామగుండం, భూపాలపల్లి వైపు పెద్ద ప్లాంట్లకు సప్లై చేస్తూ, వాళ్లు ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ ఫైలే కావాలంటే, దీనికి వేరే కన్వర్టర్ తగిలించుకోవాలి. ఆ తలనొప్పి నాకు లేదు కాబట్టి అది ఎట్లా ఉంటుందో నా అనుభవం నుంచి చెప్పలేను.

డ్రాయింగులు ఒకరు గీసి, ఇంకో ఊళ్లో ఇంకొకరు కోసే చోటైతే నేను ఇంకొంచెం ఆలోచిస్తాను. పాత ఫైలులోంచి పుట్టిన కొత్త షీటును ఇద్దరిలో ఒకరైనా పట్టికతో సరిచూసే అలవాటు లేకపోతే, అంకెలు చేత్తో రాసుకోవడమే మేలు. మా షాపు వరకు 1.0లోనే ఉన్నాను. కొత్త వెర్షన్‌కు మారడం గురించి మిల్లుల సీజన్ అయిపోయాక, చేతిలో పని తగ్గాక చూస్తాను.