బధిరుల బడి పాత లెక్కలు: అచ్చు నివేదిక మేలా, చేతిరాత చిట్టా మేలా?

బధిరుల బడి చరిత్ర అనగానే అందరూ వ్యవస్థాపకుల జీవితకథలు తీస్తారు. నేనైతే ముందు జమాఖర్చులు చూడమంటాను. ఎవరి పిల్లలు చదివారు, వాళ్ల తరఫున ఎవరు డబ్బు కట్టారు, ఎవరికి గుమ్మం దాకా కూడా వచ్చే వీలు లేకపోయింది అన్నది అక్కడే తేలుతుంది. చిక్కల్లా ఏమిటంటే, లెక్కలన్నీ ఒకే రకం కావు. ఏటా అచ్చయిన నివేదిక ఒకటి, బడి లోపల చేత్తో రాసుకున్న చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాలవారీ లెక్క) పుస్తకాలు ఇంకొకటి, డబ్బిచ్చిన ప్రభుత్వం దగ్గర మిగిలిన కాగితాలు మరొకటి. దేన్ని పట్టుకోవాలి?

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫోర్డ్ బధిరుల బడిని తీసుకుందాం. మతబోధకుడు థామస్ గాలొడెట్, వైద్యుడు మేసన్ కాగ్స్‌వెల్, పారిస్ నుంచి వచ్చిన బధిర ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్క్ కలిసి 1817 ఏప్రిల్ 15న తెరిచిన బడి అది. తలుపులు తెరవకముందే డబ్బు సంగతి మొదలైంది. 1816లో కనెక్టికట్ శాసనసభ 5,000 డాలర్లు మంజూరు చేసింది. గాలొడెట్, క్లెర్క్ ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. 1819లో పొరుగు రాష్ట్రం మసాచుసెట్స్ 20 మంది పిల్లల ఖర్చు భరిస్తామంది. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ బడికి అలబామా ప్రాంతంలో సుమారు 23,000 ఎకరాలు ఇచ్చింది.

ఇదంతా అచ్చు నివేదికల ఆధారంగా సులువుగా చెప్పుకోవచ్చు. వాటి బలమే అది. ఏ ఏడాది ఎంత జమ, ఎంత ఖర్చు, నిధి మీద ఎంత రాబడి అన్నది వరుసగా దొరుకుతుంది. చాలా సంచికలు స్కాన్ అయి ఉన్నాయి కాబట్టి మనం హైదరాబాద్‌లో కూర్చునే చదువుకోవచ్చు. లెక్కల పేజీ కంటే నాకు విలువైనది దాని పక్కన ఉండే విద్యార్థుల జాబితా. పేరు, ఊరు, బడిలో చేరిన కాలం, ఆ పక్కనే డబ్బు ఎవరు కట్టారన్న గడి. కొందరికి ఫలానా రాష్ట్రం అని, కొందరికి తల్లిదండ్రులో ఆత్మీయులో అని ఉంటుంది. ఆ ఒక్క గడిని పదేళ్ల సంచికల్లో వరుసగా చూస్తే బడి ఎవరి సొమ్ముతో నిలబడిందో అర్థమవుతుంది.

చేర్చుకునే షరతులు కూడా అందులోనే ఉంటాయి. మొదట్లో 200 డాలర్లున్న ఏడాది రుసుము తర్వాత 100కి దిగింది. భోజనం, వసతి, బట్టల ఉతుకుడు, తరగతి గదిలో నిప్పుకి కట్టెలు, దీపాలు, కాగితాలు అన్నీ అందులోనే. డబ్బు మాత్రం ఆరు నెలలది ముందే కట్టాలి, పైగా హామీపత్రం ఇవ్వాలి. పూచీ ఉండేవాడు లేని ఇంట్లో పుట్టిన చెవిటి పిల్లకి ఈ ఒక్క షరతు చాలు, దారి మూసుకుపోవడానికి.

అయితే నివేదిక రాసింది దాతల కోసం, శాసనసభ్యుల కోసం. మళ్లీ గ్రాంటు రావాలి కాబట్టి లెక్క ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కాలా కనిపిస్తుంది. అలబామా భూమి సంగతే చూడండి. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము నివేదికలో నిధి, దాని మీద రాబడి. అసలు రుసుము 100 డాలర్లకి దిగిందే ఆ నిధి అండతో. కానీ ఆ భూమిని అమ్మిపెట్టడానికి విలియం ఈలీ అనే ప్రతినిధి అలబామా వెళ్లాడు. ఎలిటన్ అన్న ఊరికి ఆయన పేరే పెట్టారు, ఇప్పుడది బర్మింగ్‌హామ్ నగరంలో కలిసిపోయింది. ఆ చుట్టుపక్కల నేల 1814 ఒప్పందంలో అక్కడి ఆదివాసులైన క్రీక్ తెగవాళ్లు వదులుకోవాల్సి వచ్చిన నేల. అమ్మకాల మీద చివరికి సుమారు 3 లక్షల డాలర్లు వచ్చాయంటారు. ఒక పిల్లవాడి రుసుము తగ్గడం వెనక ఇంకొకరు పోగొట్టుకున్న నేల ఉందని నిధి అన్న పద్దు చెప్పదు.

జీతాల విషయంలోనూ అంతే. క్లెర్క్‌తో 1816లో కుదిరిన ఒప్పందంలో ఏడాదికి 2,500 ఫ్రాంకులు అని స్పష్టంగా ఉంది. ఆ తర్వాత తరాల్లో అమెరికా బధిర బడుల్లో చాలాచోట్ల బధిర ఉపాధ్యాయులకి వినికిడి ఉన్నవాళ్ల కంటే తక్కువ ఇచ్చారు. అచ్చు లెక్కలో అందరి జీతాలూ ఒకే పద్దు కింద కలిపేస్తే ఆ తేడా కనబడదు. మనిషి మనిషికీ ఇచ్చింది విడిగా రాసిన ఆవర్జాలో అయితే దాచడం కుదరదు.

చిట్టా గొప్పతనం చెప్పడానికి ఇంకో చిన్న సంగతి చాలు. ప్రతి పిల్లవాడి సొంత ఖర్చుల కోసం కొంత డబ్బు వార్డెన్ లాంటి ఉద్యోగి దగ్గర జమ చేయమని హార్ట్‌ఫోర్డ్ నివేదికలు అడిగేవి. వేసవికీ చలికాలానికీ సరిపడా బట్టలు, వాటిమీద పేరు కూడా ఉండాలి. నివేదిక అక్కడితో ఆగిపోతుంది. ఆ డబ్బు చెప్పుల రిపేరుకి పోయిందా, ఇంటికి ఉత్తరం వేయడానికి పోయిందా, అసలు ఆ ఇంటినుంచి డబ్బు వచ్చిందా లేదా అన్నది తేలాలంటే రోజువారీ పుస్తకమే దిక్కు. ఇబ్బందులు లేకపోలేదు. పాత చేతిరాత, పొట్టి గుర్తులు, మధ్యలో పోయిన సంపుటాలు. ఒక్క పేజీ అర్థం చేసుకోవడానికి పూట గడిచిపోతుంది. స్కాన్ చేసి పెట్టినవి బహు తక్కువ.

ప్రభుత్వ కాగితాల గురించి ఒక్క మాట. మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఖర్చుతో చదవాలంటే దరఖాస్తు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి వెళ్లేది. రాష్ట్రం 20 మందికే ఇస్తానన్నప్పుడు, 21వ పిల్లవాడి జాడ బడి పుస్తకాల్లో ఉండదు. ఉంటే గింటే ఆ దరఖాస్తుల్లోనే ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను అచ్చు నివేదికే చేతికిస్తాను. అది లేకుండా చిట్టా తెరిస్తే ఆ పేర్లు ఎవరివో కూడా తెలియదు. కానీ ఏదైనా బడి వచ్చి, డబ్బు కొంచెమే ఉంది, ముందు ఏది స్కాన్ చేయమంటారు అనడిగితే క్షణం కూడా ఆలోచించను, చేతిరాత పుస్తకాలే అంటాను. నివేదికలు నాలుగైదు లైబ్రరీల్లో ఉంటాయి. చిట్టా ఒక్కటే ప్రతి. చెద పట్టినా తడిసినా ఇక అంతే. అందులోనూ ముందు జీతాల పుస్తకం, ఆ తర్వాత పిల్లల సొంత ఖాతాలు. భవనాల మరమ్మతు లెక్కలు నిదానంగా చేసుకోవచ్చు.