ఫెండర్ రోలింగ్: టైరు రాసుకోవడం ఆగింది, డిక్కీలోకి నీళ్లు మొదలయ్యాయి

ముందే ఒక మాట. వెడల్పు టైర్లు పట్టడం కోసం ఫెండర్ (చక్రం పైన కప్పినట్టు ఉండే రేకు) అంచులు లోపలికి మడిపించడం మీద, అంటే ఫెండర్ రోలింగ్ మీద, నాకు కోపమేమీ లేదు. మడిచాక లోపల రేకులు కలిసే అతుకుకి నీళ్లు పోకుండా ఆపే సీలెంట్ వేయకుండా, పైన నల్లటి అండర్‌కోటింగ్ (కారు అడుగు రేకుకి కొట్టే పూత) కొట్టేసి పని అయిపోయిందనిపించే అలవాటు ఒకటుంది చూశారూ, నా కోపమంతా దాని మీదే. చేయించిన కొత్తలో అడిగినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని చేయించుకో" అని చెప్పాను. ఇప్పుడూ చేయించుకోమనే అంటున్నాను. కళ్లు మూసుకోమని మాత్రం అనడం లేదు.

రోలింగ్ ఎలా చేస్తారో తర్వాత చెబుతాను, ముందు నా కొలతలకి వస్తాను. కారుతో వచ్చినవి 6.5జె రిమ్ములు (అంటే ఆరున్నర అంగుళాల వెడల్పు), ఆఫ్‌సెట్ 46 (రిమ్ము నడిమధ్య నుంచి దాన్ని బిగించే ముఖం దాకా మిల్లీమీటర్లలో దూరం, ఇది తగ్గితే చక్రం బయటికి వస్తుంది), టైర్లు 205/55 ఆర్16 (మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు). తర్వాత వేయించినవి 8జె రిమ్ములు, ఆఫ్‌సెట్ 35, టైర్లు 225/45 ఆర్17. టైరు ఎత్తు దాదాపు మారలేదు, 632 మిల్లీమీటర్ల నుంచి 634 అయిందంతే. స్పీడోమీటర్‌తో పేచీ లేదు. పేచీ అంతా వెడల్పుతోనే. 205 పోయి 225 వచ్చింది, ఇరవై మిల్లీమీటర్లే కదా, పక్కకి పదేసి అనుకుంటారు చాలామంది. లెక్క అది కాదు. రిమ్ము ఒకటిన్నర అంగుళం పెరిగిందంటే అటు 19, ఇటు 19. దానికి తోడు ఆఫ్‌సెట్ 11 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 11 బయటికి జరిగింది. అంటే రిమ్ము బయటి అంచు 30 మిల్లీమీటర్లు ఫెండర్ వైపుకి వచ్చింది, లోపలి అంచు 8 మిల్లీమీటర్లు సస్పెన్షన్ వైపుకి వెళ్లింది. లోపలి 8 వల్ల నాకే ఇబ్బందీ రాలేదు. బయటి 30 మాత్రం ఊరుకోలేదు.

ఒక్కణ్ణే నడుపుకుంటే ఏ శబ్దమూ ఉండేది కాదు. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో సామాను ఉండి, స్పీడ్ బ్రేకర్ కాస్త వేగంగా దిగితే చాలు, వెనక చక్రం దగ్గర బర్రుమని రేకు రాసుకునేది. దిగి చూస్తే టైరు షోల్డర్ (పక్కగోడ మొదలయ్యే అంచు) చుట్టూ రబ్బరు చెక్కినట్టు ఒక గీత. ఫెండర్ అంచు బయటికి గుండ్రంగా కనిపిస్తుంది గానీ లోపలివైపు అది వేలెడు వెడల్పున అడ్డంగా మడిచి ఉంటుంది. టైరుకి తగిలేది ఆ మడతే. దాన్ని పైకి వత్తి ఆర్చ్ (చక్రం పైన కమానులా ఉండే భాగం) గోడకి ఆనించేస్తే కావలసిన జాగా వస్తుంది. రోలింగ్ చేసేది ఇంతే.

ముందు ఫెండర్లది పెద్ద కథ కాదు. అవి బోల్టులతో బిగించిన ఒంటి రేకు, ఏదైనా తేడా వస్తే విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. వెనకది అలా కాదు. అది క్వార్టర్ ప్యానెల్, బాడీలో భాగం. పైరేకు, చక్రం గూడుకి లోపలివైపు ఉండే వీల్ హౌసింగ్ రేకు ఆ అంచు దగ్గరే కలుస్తాయి, రెంటినీ స్పాట్ వెల్డింగ్‌తో అతికిస్తారు. ఆ అతుకులోకి నీళ్లు పోకుండా ఫ్యాక్టరీలోనే సీలెంట్ పూస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మడత పని మాత్రం చూడముచ్చటగా జరిగింది. చక్రం విప్పి, హబ్‌కి (చక్రం బిగించే చోటికి) రోలర్ పరికరం బిగించి, దాని చేతికి ఉన్న గట్టి ప్లాస్టిక్ చక్రాన్ని అంచు కింద ఆనించారు. ఒకాయన హీట్ గన్‌తో పెయింట్‌ని చెయ్యి ఆనిస్తే వెంటనే తీసేంత వేడి చేస్తుంటే, మేస్త్రీ రోలర్‌ని అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ ప్రతి విడతకీ కాస్త కాస్త బిగించాడు. తొందరపడి ఒకేసారి వత్తితే పెయింట్ చిట్లుతుంది, పైరేకు అలలు తిరుగుతుంది. నా కారుకి బయటివైపు ఒక్క గీత పడలేదు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య బేస్‌బాల్ బ్యాట్ దూర్చి కారుని ముందుకీ వెనక్కీ తోసే పద్ధతి కూడా ఒకటుంది. కారు మీద కసి ఉన్నవాళ్లకి బాగుంటుంది.

బంపర్ చివర సంగతి కూడా చెప్పాలి. వెనక బంపర్ ఆర్చ్‌తో కలిసే చోట ఒక స్క్రూ, దాన్ని పట్టుకున్న చిన్న చెవి ఉంటాయి. అంచంతా మడిచి దీన్ని వదిలేస్తే టైరు నేరుగా దానికే తగులుతుంది. మా మేస్త్రీ అడగకుండానే స్క్రూ తీసి, చెవిని వెనక్కి మడిచి, వేరే చోట బిగించాడు. ఇంత శ్రద్ధ ఉన్న మనిషి కదా అనే, "అన్నా, లోపల అతుకు సంగతేంటి?" అని అడిగితే, "అండర్‌కోటింగ్ కొట్టేశా సార్, ఇక నీటిచుక్క పోదు" అన్నప్పుడు ఇంకో మాట అడగలేదు.

తర్వాత చాలాకాలం హాయిగా గడిచింది. ఐదుగురితో, నిండు డిక్కీతో గుంతల్లో దిగినా టైరు రాసుకోలేదు. మలుపుల్లో కారు రోడ్డుని పట్టుకునే తీరు మారింది, ఆ తేడా పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి కూడా తెలిసేది. చిన్న చిన్న నసలు లేకపోలేదు. స్టీరింగ్ కొంచెం బరువెక్కింది. రోడ్డు మీద గాడి ఉంటే కారు అటే లాగుతుంది. టైరు బయటికి వచ్చింది కాబట్టి బురద తలుపుల దాకా చిమ్ముతుంది, మడ్ ఫ్లాప్స్ లేకుండా కుదరదు. ఇవన్నీ వెడల్పు చక్రాల వల్ల వచ్చినవే, రోలింగ్‌ని అనడానికి లేదు.

అసలు కథ వానలు పడ్డాక మొదలైంది. డిక్కీ తెరిస్తే తడిబట్టల వాసన. పొద్దున్నే వెనక అద్దానికి లోపలివైపు ఆవిరి. స్టెప్నీ తీసి చూస్తే దాని గుంటలో నీళ్లు. అందరూ చేసే పనే నేనూ చేశాను, డిక్కీ రబ్బరు మార్పించాను. తగ్గలేదు. టెయిల్ ల్యాంపులు విప్పించి గ్యాస్కెట్లు కొత్తవి వేయించాను. తగ్గలేదు. వెనక అద్దం చుట్టూ సీలింగ్ మీద అనుమానపడ్డాను. బంపర్ వెనక గాలి పోవడానికి ఉండే ప్లాస్టిక్ రెక్కల మీద కూడా పడ్డాను. ప్రతిసారీ రెండు మూడు రోజులు ఆరినట్టే ఉండేది, మళ్లీ మొదటికొచ్చేది.

ఆధారం మాత్రం ఎప్పటినుంచో కళ్లముందే ఉంది. ఒక రాత్రంతా కుండపోతగా వాన పడింది, కారు ఆరుబయటే ఉంది, పొద్దున చూస్తే డిక్కీ పొడిగా ఉంది. మర్నాడు వాన వెలిశాక తడి రోడ్డు మీద అరగంట తిరిగొస్తే గుంటలో నీళ్లు. పైనుంచి కురిసిన నీళ్లు లోపలికి రావడం లేదు, కింది నుంచి టైరు చిమ్మినవే వస్తున్నాయి.

తమ్ముణ్ణి టార్చ్ ఇచ్చి డిక్కీలో కూర్చోబెట్టాను, పక్క ట్రిమ్ ముందే విప్పేసి. ముందు పైపుతో అద్దం మీద, ల్యాంపుల మీద కొట్టాను, ఏమీ లేదు. తర్వాత పైపుని కుడి వెనక చక్రం పైకి తిప్పి ఆర్చ్ అంచు మీద పట్టాను. పట్టీపట్టగానే లోపలి నుంచి "అన్నయ్యా, ఇక్కడ! కారుతోంది" అని కేక. పైరేకు లోపలివైపు సన్నటి ధార దిగి, అడుగున ఉన్న జేబు లాంటి చోట నిండి, అక్కణ్ణుంచి స్టెప్నీ గుంటలోకి పోతోంది.

చక్రం విప్పి ఆ నల్లటి అండర్‌కోటింగ్‌ని స్క్రూడ్రైవర్‌తో గీకితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. దాని కింద ఫ్యాక్టరీ సీలెంట్ అతుకు పొడవునా చిట్లి ఉంది. రేకుని తొంభై డిగ్రీలు మడిస్తే ఏళ్ల కిందట గట్టిపడిన సీలెంట్ చిట్లకుండా ఎలా ఉంటుంది? ఒకచోట రెండు రేకులు విడిపోయి మధ్యలో గోరు దూరేంత సందు పడింది, స్పాట్ వెల్డింగ్ ఒకటి ఊడినట్టుంది. ఆ సందులో మట్టి కూరుకుపోయి ఉంది. బయటినుంచి చూస్తే నున్నగా నల్లగా ముచ్చటగా ఉన్నదంతా పుండు మీద పౌడర్ అద్దినట్టే. ఇంకా ఘోరం ఏంటంటే, ఆ పూత ఏమీ కొట్టకపోయి ఉంటే కనీసం తడి ఆరేది. పూత ఉండటంతో మట్టీ నీళ్లూ లోపలే నిలిచి, పైరేకుని లోపలి నుంచి తినడం మొదలుపెట్టాయి. అప్పటికే ఆర్చ్ పైభాగంలో, పెయింట్ కింద, కందిగింజంత బుడగ ఒకటి లేచింది. నొక్కితే మెత్తగా ఉంది. తుప్పు అలా బయటికి కనిపించిందంటే లోపల అంతకంటే ఎక్కువే ఉంటుందని టింకరింగ్ పని చేసే ఎవర్నడిగినా చెబుతారు.

బాగుచేయించడానికి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాను. పాత పూతంతా తీసేసి, వైర్ బ్రష్‌తో మెరిసే రేకు కనిపించేదాకా రుద్ది, ఊడిన చోట మళ్లీ వెల్డింగ్ పెట్టి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టారు. అది ఆరాక అతుకు పొడవునా సీమ్ సీలెంట్ వేసి వేలితో లోపలికి అదిమారు. చివర్లో డిక్కీ వైపు నుంచి రెండు రేకుల మధ్యకి సన్నటి గొట్టంతో మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్ పంపారు. ఎడమవైపు నీళ్లు కారకపోయినా అక్కడా విప్పించి చూస్తే సీలెంట్ చిట్లే ఉంది, దానికీ ఇదే వైద్యం. గమనించండి, ఇందులో కష్టమైన పని ఏదీ లేదు. రోల్ చేసిన రోజే, ఎలాగూ చక్రం విప్పి ఉన్నప్పుడే, ఇంకో పూట ఉంచుకుని ఇదంతా చేసి ఉండొచ్చు. మడత మీద అంత ఓపిక చూపించిన చేతులకి ఈ పని ఎందుకు పట్టలేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. బహుశా మడత అందరికీ కనిపిస్తుంది, అతుకు ఎవరికీ కనిపించదు కాబట్టేమో.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ముందు చక్రాల లెక్క అడుగుతున్నాను. అదే 225 టైరు 7.5జె రిమ్ముకి కూడా సరిగ్గా సరిపోతుంది. నా కారులాంటి దానికి 7.5జె, ఆఫ్‌సెట్ 45 వేస్తే బయటి అంచు 14 మిల్లీమీటర్లే వస్తుంది, లోపలికి 12 పోతుంది. లోపల స్ట్రట్ (సస్పెన్షన్ స్తంభం) దగ్గర అంత ఖాళీ ఉంటే ఫెండర్‌ని ముట్టుకోవాల్సిన పనే రాకపోవచ్చు. కొద్దిగా నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగేలా వాలు) పెట్టుకున్నా కొంత జాగా దొరుకుతుంది. నా టైరు కొలతకి ఒక డిగ్రీ అంటే పైఅంచు 5 మిల్లీమీటర్ల పైచిలుకు లోపలికి వంగుతుంది. కానీ టైరు లోపలి అంచు ముందుగా అరుగుతుంది, అది తెలిసే చేయాలి. ఇక రేకు కోసి బోల్టులతో ఫ్లేర్లు (ఫెండర్‌ని వెడల్పు చేసే పట్టీలు) బిగించేవాళ్లకైతే, కోసిన ప్రతి అంచూ నేను చెప్పిన అతుకు లాంటిదే. ఇంకా ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే రెండు రేకుల మధ్య భాగం పూర్తిగా తెరుచుకుంటుంది. చక్రం బాడీ దాటి ఎంత బయటికి రావచ్చన్నదానికి చాలా దేశాల్లో నిబంధనలున్నాయి. యూరప్‌లో చక్రం మధ్య నుంచి ముందుకి 30 డిగ్రీలు, వెనక్కి 50 డిగ్రీల మేర టైరుని బాడీ కప్పాలంటారు. రోలింగ్ వల్ల రాసుకోవడం ఆగుతుంది గానీ టైరు లోపలికి రాదు, అది వేరే లెక్క.

బాగుచేయించాక ఒక వానాకాలం దాటింది, స్టెప్నీ గుంట పొడిగానే ఉంది. కుడివైపు వేసిన రంగు ఎండలో కొంచెం తేడాగా కొడుతుంది, అది నేను తప్ప ఎవరూ పట్టించుకోరు. మార్కులు వేయమంటే, రోలింగ్‌కి ఐదుకి నాలుగు, నాకు చేసిచ్చిన పనికి రెండు. తడి రోడ్ల మీద పెద్దగా తిరగని కారు, నాలుగేళ్లలో అమ్మేద్దామనుకునే కారు అయితే ఆ రెండో అంకెని వదిలేయొచ్చేమో. నాది ఆరుబయట ఉండే కారు, వానలోనే ఎక్కువ తిరిగే కారు, ఇప్పట్లో అమ్మే ఉద్దేశం కూడా లేదు.