కొత్త ఫోనులో ఎవరి జీమెయిల్ ఉందో ముందు చూడండి, 'హ్యాక్ క్లీనింగ్' పేరుతో డబ్బు కట్టకండి

ఫోను కొన్న దుకాణంలో "అన్నీ మేమే ఎక్కించి ఇస్తాం" అంటే సరేనని ఊరుకున్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకు అలా ఫోను కొనిచ్చినవాళ్లు ఇది కాస్త ఓపికగా చదవండి. మా పిన్ని ఫోను హ్యాక్ అయిందని ఇల్లంతా కంగారు పడింది. ఆ కంగారును అడ్డం పెట్టుకుని, ఫోను అమ్మిన దుకాణమే 1,800 రూపాయలు వసూలు చేసింది. తీరా చూస్తే హ్యాకరూ లేడు, వైరసూ లేదు. అమ్మేటప్పుడే వాళ్లు ఫోనులో తమ సొంత జీమెయిల్ పెట్టి ఇచ్చారు. దుకాణం పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇచ్చాం, అది తేలాలి. పైగా ఈ అలవాటు ఆ ఒక్క కొట్టుకే పరిమితం కాదు.

పిన్నికి అంతకుముందు ఉన్నది బటన్ ఫోను. కొత్తగా ఆండ్రాయిడ్ ఫోను కొన్నప్పుడు కౌంటరులో ఉన్న కుర్రాడు టెంపర్డ్ గ్లాసు అంటించి, పౌచ్ తొడిగి, సిమ్ వేసి, వాట్సాప్ ఎక్కించి, యూట్యూబ్‌లో సుప్రభాతం పెట్టి వినిపించి మరీ చేతికిచ్చాడు. చిటికెలో పనైపోయింది. కుర్రాడు చాలా మంచివాడని పిన్ని ఊరంతా చెప్పింది.

కొన్నాళ్లకు ఫోనులో తెలియని పేర్లు కనిపించడం మొదలైంది. ఆటో సత్తి, ట్రాక్టర్ రాజు, చీటీ పద్మక్క, పాప స్కూల్ వ్యాను. పిన్నికి ట్రాక్టరూ లేదు, స్కూలుకెళ్లే పాపా లేదు. తరవాత ఫొటోల్లో ఎవరిదో బారసాల వచ్చి పడింది. యూట్యూబ్ తెరిస్తే ప్రవచనాల మధ్యలో కోడిపందాలు. బాబాయే చూస్తున్నాడని కొన్నాళ్లు ఆయనకు చీవాట్లు పడ్డాయి, పాపం.

అసలు భయం పట్టుకున్నది మాత్రం వాట్సాప్ స్టేటస్‌తో. తులసికోట ముందు దీపాల ఫొటో పెట్టి, ఎవరెవరు చూశారా అని వేలితో పైకి లాగి చూస్తే ఆ జాబితాలో 'నా నంబరు' అని ఉంది. అదీ రెండుసార్లు. ఎవరైనా అడిగితే చూసి చెప్పడానికి వీలుగా పిన్ని తన నంబరును ఆ పేరుతోనే దాచుకుంది. తన స్టేటస్‌ను తన నంబరుతోనే ఇంకెవరో చూస్తున్నారంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. "ఎవరో నా ఫోనులో దూరార్రా, బ్యాంకు పుస్తకం ఫొటో కూడా ఇందులోనే ఉంది" అని నాకు బాబాయి ఫోను నుంచి చెప్పి, తన ఫోను స్విచ్చాఫ్ చేసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

నేను వెళ్లేలోపు బాబాయి ఆ ఫోనును కొన్నచోటికే తీసుకెళ్లాడు. వాళ్లు అటూ ఇటూ నొక్కి, ఏదో యాప్ పెట్టి, తెర మీద ఎర్రటి గుర్తులు చూపించి, "అంకుల్, ఫోను పూర్తిగా హ్యాక్ అయింది, డేటా అంతా బయటి సర్వర్లకు పోతోంది" అన్నారు. 'హ్యాక్ క్లీనింగ్', దాంతోపాటు ఏడాది 'ప్రొటెక్షన్', మొత్తం 1,800. ఇచ్చిన రసీదు ఒక తెల్లకాగితం ముక్క. దాని మీద 'సాఫ్ట్‌వేర్ 1800' అని బాల్ పెన్నుతో రాసి ఉంది. కొట్టు పేరు లేదు, ముద్ర లేదు, తేదీ లేదు. ఫోను ఖాళీగా, కొత్తదానిలా తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున్నకల్లా ఆటో సత్తి మళ్లీ ప్రత్యక్షం.

సెట్టింగ్స్‌లో గూగుల్ అన్నచోట నొక్కితే ఏ మెయిల్‌తో ఫోను నడుస్తోందో పైనే కనిపిస్తుంది. అక్కడ ఉన్నది పిన్ని పేరు కాదు. ఆ దుకాణం పేరు, పక్కన 'మొబైల్స్', ఆ పక్కన అంకెలు. అదే ఖాతాతో నడుస్తున్న పరికరాల జాబితా తెరిస్తే రకరకాల కంపెనీల ఫోన్లు వరసగా, కిందికి జరిపినకొద్దీ వస్తూనే ఉన్నాయి. ప్లే స్టోర్ నుంచి యాప్ ఎక్కించాలంటే గూగుల్ ఖాతా కావాలి. కొత్తది తెరవాలంటే పేరు, పుట్టిన తేదీ, నంబరుకు ఓటీపీ, గుర్తుండే పాస్‌వర్డ్, ఇవన్నీ కావాలి. కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉంటే అంత ఓపిక ఎవరికుంటుంది? ఒకే జీమెయిల్‌ను వచ్చిన ప్రతి ఫోనులోనూ కొట్టేస్తే ఒక్కో ఫోనుకు కొన్ని నిమిషాలు కలిసొస్తాయి. మోసం చేద్దామని చేసింది కాదనే నా నమ్మకం. కానీ ఇంటి తాళంచెవి ఊళ్లో పది మందికి పంచి, దొంగబుద్ధి లేదు లెమ్మంటే సరిపోతుందా?

ఇప్పుడు వింతలన్నీ విడిపోతాయి. గూగుల్ ఖాతాలో దాచిన నంబర్లు ఆ ఖాతా ఉన్న ప్రతి ఫోనుకూ చేరతాయి. పిన్ని ఫోనులోకి ట్రాక్టర్ రాజు ఎలా వచ్చాడో, పిన్ని దాచుకున్న మా అందరి నంబర్లూ అలాగే ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్లలోకి వెళ్లాయి. వాళ్లలోనూ కొందరు సొంత నంబరును 'నా నంబరు' అనే దాచుకున్నారు. జాబితాలో వెతికితే ఆ పేరుతో వేర్వేరు నంబర్లు వరసగా ఉన్నాయి. వాట్సాప్ స్టేటస్ మామూలుగా ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉన్నవాళ్లకు కనిపిస్తుంది. వీళ్లందరికీ పిన్ని నంబరు ఉంది, పిన్నికి వాళ్ల నంబర్లు ఉన్నాయి. దీపాల ఫొటో చూసినవాళ్లు దెయ్యాలూ కాదు, హ్యాకర్లూ కాదు. అదే కొట్టులో ఫోను కొన్న మనలాంటివాళ్లే.

రీసెట్ చేసినా ఎందుకు పోలేదో కూడా చెప్పక్కర్లేదు. తుడిచేసి మళ్లీ అదే జీమెయిల్ పెట్టారు.

హ్యాకర్ లేడు కదా, ఇక భయం లేదనుకోకండి. ఆ ఖాతా పాస్‌వర్డ్ తెలిసినవాడికి బ్యాకప్ అయిన మీ ఫొటోలు కనిపిస్తాయి. చాలామంది ఫోన్లలో ఆధార్, పాన్, పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటోలుగానే ఉంటాయి. పోయిన ఫోనును వెతకడానికి గూగుల్ ఇచ్చిన సదుపాయంతో మీ ఫోను ఎక్కడుందో చూడవచ్చు, దూరం నుంచే లాక్ చేయవచ్చు, మొత్తం తుడిచేయవచ్చు. బ్రౌజరులో 'పాస్‌వర్డ్ దాచమంటారా' అంటే సరే అన్నవన్నీ అదే ఖాతాలోకి చేరతాయి. వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ ఖాతా డ్రైవ్‌లోకే. ఒక్క ఊరట ఏమిటంటే యూపీఐ యాప్‌లు ఫోనులోని సిమ్‌కూ, యూపీఐ పిన్‌కూ కట్టుబడి ఉంటాయి కాబట్టి జీమెయిల్ ఒక్కదానితో డబ్బు లాగలేరు. అయితే మీ పేరు, నంబరు, ఆధార్, బ్యాంకు బ్రాంచి తెలిసినవాడు ఫోను చేసి బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానంటే పెద్దవాళ్లు ఇట్టే నమ్ముతారు.

సరిచేయడం కష్టం కాదు, కానీ వరస తప్పితే నష్టపోతారు. ముందుగా చేయకూడనిది: తెలియని పేర్లని చెప్పి వాటిని తుడిచేయకండి. మీ ఫోనులో తుడిస్తే అవతలివాళ్ల ఫోనులోనూ పోతాయి. ఎవరి పాప స్కూల్ వ్యాను నంబరో అది, వాళ్లకు అవసరం. మీ ఫొటోలు కంప్యూటరులోకో మెమరీ కార్డులోకో ఎక్కించుకోండి. మీ మనుషుల నంబర్లు విడిగా రాసుకోండి. పిన్ని పాత డైరీ తెచ్చి కూర్చుని ఒక్కొక్కటే చెబుతుంటే నేను రాశాను, అదే తేలిక అనిపించింది. ఆ తరవాత దుకాణం ఖాతాలో ఉన్న మీ ఫొటోలను తొలగించండి. తొలగించినవి బిన్‌లో 60 రోజుల వరకు ఉంటాయి కాబట్టి అందులోనూ వెతికి మీవి తీసేయండి. డ్రైవ్‌లోని వాట్సాప్ బ్యాకప్‌ను కూడా. ఇదంతా అయ్యాకే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ దగ్గర ఆ ఖాతాను తీసేయండి. ఖాతా తీసిన వెంటనే దానితో వచ్చిన నంబర్లన్నీ ఫోనులోంచి మాయమవుతాయి, కంగారు పడకండి.

ఇక కొత్త ఖాతా. ఇంట్లో కూర్చుని, మీ నంబరుతో మీరే తెరవండి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా తిరిగి తెరవడానికి అడిగే రికవరీ నంబరుగా కొడుకుదో కూతురిదో ఇవ్వండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. కొన్ని కొట్లలో కొనేవాళ్ల పేరు మీదే ఖాతా తెరుస్తారు, రికవరీ నంబరు మాత్రం కుర్రాడిది ఉంటుంది, పాస్‌వర్డ్ మీ పేరు పక్కన 123. అదీ ఇలాంటి తలనొప్పే, రెండూ మార్చుకోండి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిచి చూడండి. ఒక ఖాతాకు ఇలా 4 పరికరాల వరకు కలపవచ్చు, మీ ఫోనులో నెట్ ఆపేసినా అవి పనిచేస్తూనే ఉంటాయి. ఫొటోలు ఎక్కించడానికో, ప్రింటు తీయడానికో కలిపి వదిలేసిన నెట్ సెంటరు కంప్యూటరు అక్కడ కనిపిస్తే వెంటనే లాగౌట్ చేయండి. చివరగా స్క్రీన్ లాక్ మార్చండి, అది ఆ కుర్రాడు పెట్టిందే అయి ఉంటుంది.

ఫోను హ్యాక్ అయిందని భయపడేవాళ్లకు ఈ రోజుల్లో చిట్కాలు చెప్పేవాళ్లు ఎక్కువ. *#21# కొడితే హ్యాక్ అయిందో లేదో తెలిసిపోతుందన్నది అందులో ఒకటి. ఆ కోడ్ చూపించేది మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయా అన్నది మాత్రమే. అది తెలుసుకోవడం మంచిదే. మోసగాళ్లు *401* తర్వాత తమ నంబరు కలిపి కొట్టించి కాల్స్ మళ్లించుకోవడం మరీ ఎక్కువవడంతో, ఇలా కోడ్‌తో మళ్లించే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. ఫోను వేడెక్కడం, చార్జింగ్ త్వరగా అయిపోవడం, మాట్లాడుకున్న చీర ప్రకటనగా రావడం, ఇవేవీ సాక్ష్యాలు కావు. 2019లో వాట్సాప్ ద్వారా సుమారు 1,400 మంది ఫోన్లను పెగసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ లక్ష్యంగా చేసుకున్న మాట నిజమే. ఆ స్థాయి నిఘా పెట్టాలంటే కోట్లు కావాలి, మా పిన్ని దీపాల ఫొటో కోసం ఎవరూ అంత పెట్టరు.

మామూలు జనానికి నిజంగా ప్రమాదం వచ్చేది ఏపీకే ఫైళ్లతో. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, ప్రభుత్వ పథకం అంటూ వాట్సాప్‌లో వస్తాయి. నొక్కితే యాప్‌గా ఎక్కి, మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతాయి, ఇస్తే ఓటీపీలు వాళ్లకు చేరతాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ అనుమతి, డివైజ్ అడ్మిన్ అన్న మూడు చోట్లా తెలియని పేరేదైనా ఉందేమో చూడండి. ఉంటే నెట్ ఆపి, ఆ అనుమతి తీసి, యాప్ తొలగించి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. వీటిలో ఏ పనికీ ఎవరికీ 1,800 ఇవ్వనక్కర్లేదు.

పాత ఫోను కొనేవాళ్లకు ఇంకొక్క మాట. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య, వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పంపండి, లేదా టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూడండి. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్ అని వస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

జాబితాలో ఉన్న మిగతా 'నా నంబరు'లకు ఫోను చేసి విషయం చెబుదామనుకున్నాం. "మీ ఫోనులో మా నంబర్లు ఉన్నాయండీ, ఒకసారి సెట్టింగ్స్ తెరవండి" అనగానే మొదటాయన మమ్మల్నే సైబర్ మోసగాళ్లనుకుని తిట్టి పెట్టేశాడు. తప్పు పట్టలేం, నేనైనా అదే చేస్తాను. ఒకావిడ మాత్రం ఓపికగా విని, "అయితే ఆ బారసాల మా మనవడిదేనమ్మా" అంది.

తెల్లకాగితం రసీదు పట్టుకుని యజమాని దగ్గరకు వెళ్లి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబుతామనేసరికి 1,800 తిరిగిచ్చాడు. ఖాతా సంగతి మాత్రం తేల్చలేదు. కొట్టులో పని మానేసిపోయిన ఇద్దరు కుర్రాళ్లకూ ఆ పాస్‌వర్డ్ తెలుసట, రికవరీ నంబరు వాళ్లలో ఒకడిదేనట. మార్చమంటే, "మారిస్తే అందరి ఫోన్లూ లాగౌట్ అయిపోతాయి సార్, రేపు కొట్టు ముందు జనం నిలబడతారు" అన్నాడు. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మేమిచ్చిన ఫిర్యాదు ఆ జీమెయిల్ మీదే. ఈ రోజుకీ ఆ ఖాతా అలాగే నడుస్తోంది.