ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి రోజు: నిద్ర చాలని కళ్లతో కాలువల వెంట

డాలస్‌లో సాయంత్రం విమానం ఎక్కిన మేము జూన్ నెలలో ఒక ఉదయం తొమ్మిది గంటలకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయంలో దిగాము. అక్కడ ఎండ కాస్తున్నా మా ఒంటికి మాత్రం అది తెల్లవారుజామున రెండు గంటల వేళ. విమానాశ్రయం నుంచి నగరానికి రైలు సౌకర్యం ఎంతో బాగుంది. బ్యాంకు కార్డునే గేటుకు తాకించి లోపలికి వెళ్లవచ్చు, పావుగంటలో సెంట్రల్ స్టేషన్ చేరవచ్చు. అయితే భార్యాభర్తలైనా ఎవరి కార్డు వారికి ఉండాలి.

ప్రిన్సెన్‌గ్రాక్ట్ కాలువ గట్టున ఒక పాత ఇంటిలో మా బస. సామాను వెంటనే తీసుకున్నారు గాని, గది మధ్యాహ్నం మూడింటికే ఇస్తామన్నారు. లిఫ్టు లేదు, మా గది మూడో అంతస్తులో ఉంది, మెట్లేమో నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. ఇక్కడి పాత ఇళ్లన్నీ ఇరుకైనవే కనుక సామానును మెట్ల మీదుగా కాక, ఇంటి నెత్తిన బయటికి పొడుచుకు వచ్చిన దూలపు కొక్కేనికి తాడు కట్టి కిటికీలోంచి లోపలికి చేర్చేవారు. పైకి లాగే సరుకు గోడకు కొట్టుకోకుండా చాలా ఇళ్లను కాస్త ముందుకు వంచి కట్టారు. చూడటానికి అది ఎంత అందంగా ఉన్నా, పెద్దవారితో వచ్చేవారు లిఫ్టు సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. గది అద్దెపై నగరం 12.5 శాతం పన్ను వేస్తుందన్నది కూడా లెక్కలో ఉంచుకోవాలి.

పదకొండు గంటలకు అద్దాల కప్పు ఉన్న పెద్ద పడవ ఎక్కడం మా పొరపాటు. లోపలి వెచ్చదనానికి, చెవిలో వినిపించే రికార్డు గొంతుకు, నీటి మీది ఊపుకు ఇద్దరమూ నిద్రపోయాము. గంట ప్రయాణంలో నాకు గుర్తున్నవి రెండు వంతెనలే.

నడవడం మొదలుపెట్టాకే ఊరు కళ్లబడింది. డామ్ కూడలిలోని రాజభవనం నేలలోకి దిగగొట్టిన 13,659 కొయ్య గుంజల మీద నిలిచి ఉంది. సంవత్సరపు రోజులు 365కు ముందు 1, వెనుక 9 చేర్చుకుంటే ఆ సంఖ్య మరచిపోము. అక్కడికి దగ్గరలోనే ఔడె హోగ్‌స్ట్రాట్ వీధిలో, 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ కార్యాలయ భవనం ఉంది, ఇప్పుడది విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. మావారిది బందరు. బందరుకోటలోని డచ్చివారి సమాధుల మధ్య చిన్నప్పుడు ఆడుకున్న మనిషి, కలంకారీ అద్దకపు బట్టలను బందరు రేవు నుంచి ఓడలకెత్తించిన ఆ కంపెనీ ఇంటి ముంగిట ఇటుక గోడను తాకి చాలాసేపు మాట్లాడలేదు. ప్రవేశ రుసుము లేని ఆ ముంగిలిలో గడిపిన అరగంటే ఆ రోజంతటిలో నాకు అన్నిటికన్నా విలువైనది.

మధ్యాహ్నం, దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్చివారి వలస అయిన సురినామ్ వారి చిన్న హోటల్లో రొట్టె, కోడికూర, బంగాళాదుంప, పొడవాటి చిక్కుళ్లు తిన్నాము. 1873 నుంచి కలకత్తా రేవులో ఓడలెక్కి సురినామ్ తోటల్లో కూలికి వెళ్లిన భారతీయుల వంట అది. తక్కువ ఖర్చులో, మన నాలుకకు నచ్చేలా ఉంది.

నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ ఇంటిని మొదటి రోజు పెట్టుకోకపోవడం మంచిదయింది. టికెట్లు ఇంటర్నెట్‌లోనే, ఆరు వారాల ముందు ప్రతి మంగళవారం విడుదలవుతాయి. అంత కష్టపడి సంపాదించిన వేళను, ఎంతో శ్రద్ధతో చూడవలసిన ఆ గదులను నిద్రమత్తుకు వదలకూడదు.

మూడింటికి గదిలో గంటన్నర మాత్రమే పడుకుని, అలారం మోగగానే లేచాము. రాత్రి ఎనిమిదింటికి పైకప్పు లేని చిన్న పడవ ఎక్కాము. జూన్‌లో పది దాకా వెలుతురు ఉంటుంది. పడవ నడిపే యువతి తానే కబుర్లు చెబుతూ, రెగులియర్స్‌గ్రాక్ట్ మలుపు దగ్గర పడవను ఆపి, ఒకదాని వెనుక ఒకటిగా ఏడు వంతెనల కమానులను చూపించింది. పెద్ద పడవకన్నా దీనికి ఎక్కువే చెల్లించాము. అయినా చల్లగాలికి ఇద్దరమూ చివరిదాకా మెలకువగానే ఉన్నాము.